సైన్యాన్ని మోసిన తండా

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి, జహీరాబాద్ మీదుగా షోలాపూర్ వైపు పోయే రోడ్డును మనం ముంబై హైవే అంటాం. ఇప్పుడు దాని నంబరు 65. దానికి రెండు పక్కలా మందుల కంపెనీలు, ఇనుము కరిగించే కర్మాగారాలు, గోదాములు ఉన్నాయి. నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు తండాల నుంచి వచ్చినవాళ్లు ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారంలలో అద్దె గదుల్లో ఉంటూ ఈ కంపెనీల్లో షిఫ్టులు చేస్తారు. బతుకుదెరువు దారిగానే మనకు ఈ రోడ్డు తెలుసు.

ఇది సైన్యం నడిచిన దారి కూడా. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించినప్పుడు, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నడిపిన ప్రధాన దళం షోలాపూర్ నుంచి ఈ దారినే వచ్చింది. నల్‌దుర్గ్, హుమ్నాబాద్, జహీరాబాద్ దాటి 18వ తేదీకి హైదరాబాద్ చేరింది. ముప్పై ఆరేళ్ల తర్వాత, 1984లో, ఇదే దారికి దగ్గర్లో ఎద్దుమైలారంలో సైన్యానికి యుద్ధ వాహనాలు తయారుచేసే ఫ్యాక్టరీకి పునాది పడింది. పటాన్‌చెరు పక్కన భానూరులో ట్యాంకులను ఛేదించే క్షిపణులు తయారవుతున్నాయి. సరిహద్దుకు ఇంత దూరంలో ఉన్న మన జిల్లాకు సైన్యంతో ఉన్న సంబంధం చిన్నదేమీ కాదు.

సైనికుల త్యాగం గురించి మన బడుల్లో ఆగస్టు 15న, జనవరి 26న తప్పకుండా మాట్లాడతారు. ఆ ఉపన్యాసాల్లో గిరిజనుల పేర్లు చాలా అరుదుగా వినిపిస్తాయి. సైనికుడి తల్లి, తండ్రి, భార్య అసలే వినిపించరు. గిరిజనులు సైన్యానికి దూరంగా ఉన్నారా అంటే, లేరు. నాలుగు వందల ఏళ్లుగా సైన్యాల బరువు మోసినవాళ్లలో మనవాళ్లున్నారు. ఆ చరిత్రను క్రమంలో చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. త్యాగం చేసినవాళ్లకు అప్పటికప్పుడు దండలు దొరికాయి. పేరు నిలబడటం, కుటుంబానికి హక్కు దక్కడం మాత్రం అందరికీ జరగలేదు.

ఎద్దుల లెక్క ఉంది, మనుషుల లెక్క లేదు

లంబాడీల పాత వృత్తి లదేణి. ఎద్దుల వీపున గోణెలు వేసి ఉప్పు, ధాన్యం, పప్పులు ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి చేరవేయడమే లదేణి. బండ్లు పోలేని అడవి దారుల్లో, కనుమల్లో కూడా ఎద్దుల మంద పోగలదు. అందుకే దక్కనులో యుద్ధం చేసిన ప్రతి సైన్యానికీ బంజారాల అవసరం పడింది. వేలాది సైనికులు, గుర్రాలు, ఏనుగులు నెలల తరబడి ఒకచోట గుడారాలు వేసుకుంటే చుట్టుపక్కల ఊళ్ల ధాన్యం వారాల్లో అయిపోతుంది. తర్వాత సైన్యం బతకాలంటే బయటి నుంచి ధాన్యం రావాలి. తెచ్చేది బంజారాలు.

మొగలుల కాలంలో 1630 ప్రాంతంలో ఆసఫ్ ఖాన్ బీజాపూర్ మీదికి దండెత్తి వచ్చినప్పుడు భంగీ, ఝంగీ అనే రాథోడ్ నాయకులు 1,80,000 ఎద్దులతో వెంట వచ్చారని మన పెద్దలు చెప్పుకొనే కథనాన్ని బ్రిటిష్ కాలపు రచయితలు కూడా నమోదు చేశారు. ఆ తర్వాత మైసూరు యుద్ధాల్లో కారన్‌వాలిస్ సైన్యానికి, 1803లో మరాఠాలతో యుద్ధం చేసిన వెల్లెస్లీ సైన్యానికి కూడా ధాన్యం చేరవేసింది బంజారాలే. కంపెనీ అధికారుల ఉత్తరాల్లో వాళ్ల గురించి 'బ్రింజారీలు' అని మళ్లీ మళ్లీ వస్తుంది. బ్రింజారీలు వచ్చారా, ఎన్ని ఎద్దులతో వచ్చారు, ఎంత బియ్యం తెచ్చారు అన్నదే ఆ ఉత్తరాల ఆరాటం.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ఎద్దుల లెక్క లక్షల్లో రాశారు. నాయకుల పేర్లు ఇద్దరివో ముగ్గురివో రాశారు. ఆ ఎద్దుల వెంట నడిచిన మగవాళ్లు ఎందరు, చంటిపిల్లలను చంకనేసుకుని నడిచిన ఆడవాళ్లు ఎందరు, కలరాతోనో, దోపిడీదారుల చేతుల్లోనో దారిలో చనిపోయినవాళ్లు ఎందరు అన్నది ఎవరూ రాయలేదు. లదేణిలో తండా మొత్తం కదిలేది. సైన్యానికి తిండి మోసింది ఒక మనిషి కాదు, ఒక కుటుంబం.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. వికారాబాద్, శంకర్‌పల్లి, లింగంపల్లి మీదుగా ధాన్యం రైలుపెట్టెల్లో పోవడం మొదలైంది. మంచి రోడ్లు పడ్డాయి. లదేణి చచ్చిపోయింది. అంతటితో ఆగలేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం క్రమంగా దేశమంతా విస్తరించి, కొన్ని ప్రాంతాల్లో లంబాడీలను కూడా ఆ జాబితాలో చేర్చింది. నిన్నటిదాకా సైన్యానికి అన్నం మోసినవాళ్లు పోలీసు ఠాణాలో హాజరు వేయించుకోవలసిన మనుషులయ్యారు. ఆ చట్టం రద్దయింది 1952లో. సేవ చేసినవాడి పేరు రాసి పెట్టకపోతే, అవసరం తీరాక వాడికి వేరే పేరు పెట్టడం ఎంత తేలికో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

తిలంగాలు, కూలి దళాలు

తెలుగువాళ్లకు సైన్యంతో ఉన్న సంబంధం ఒక మాటలో మిగిలింది. పద్ధెనిమిదో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైపు నుంచి సిపాయిలను బెంగాల్‌కు తీసుకుపోయింది. అందులో తెలుగు ప్రాంతం వాళ్లు ఎంతమంది ఉన్నారంటే, ఉత్తరాదిలో కంపెనీ సిపాయి ఎవరైనా సరే 'తిలంగా' అని పిలవడం అలవాటైంది. ఊరి పేరు ఉద్యోగానికి పేరైంది.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్ల లెక్క మారింది. కొన్ని జాతులు పుట్టుకతోనే వీరులని, మిగతావాళ్లు యుద్ధానికి పనికిరారని ఒక సిద్ధాంతం పెట్టుకున్నారు. పంజాబు, నేపాలు, సరిహద్దు పఠాన్ ప్రాంతాలకు పెద్దపీట వేశారు. దక్షిణాది దళాలను, ముఖ్యంగా తెలుగు దళాలను, తగ్గించుకుంటూ పోయారు. గిరిజనులకైతే సిపాయి ఉద్యోగపు తలుపు దాదాపు మూసుకుపోయింది.

ఆ తలుపు మూసినవాళ్లే మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంకో తలుపు తెరిచారు. అది కూలి పని తలుపు. 1917లో ఫ్రాన్సు యుద్ధభూమి వెనుక రోడ్లు వేయడానికి, చెట్లు నరకడానికి, ఓడల నుంచి సరుకు దించడానికి మనుషులు కావలసి వచ్చారు. ఛోటానాగ్‌పూర్ నుంచి ముండాలు, ఒరావ్‌లు, సంతాల్‌లు, ఈశాన్యం నుంచి నాగాలు, ఖాసీలు, మిజోలు వేల సంఖ్యలో ఇండియన్ లేబర్ కోర్ పేరుతో ఓడలెక్కారు. చలికి, జబ్బులకు చనిపోయినవాళ్లు అక్కడే మట్టిలో కలిశారు. పోము అన్నవాళ్లూ ఉన్నారు. ఈ భర్తీకి వ్యతిరేకంగా 1917లో మయూర్‌భంజ్‌లో సంతాల్‌లు, మణిపూర్ కొండల్లో కుకీలు తిరగబడ్డారు. వెళ్లినవాళ్ల కష్టాన్ని గౌరవించడమంటే, ఇష్టం లేకుండా పంపవద్దన్న ఇంటివాళ్ల మాటను కూడా చరిత్రలో చేర్చడమే.

హైదరాబాద్ పేరు నుంచి బిర్సా నినాదం దాకా

నిజాం కాలంలో బ్రిటిష్ అధికారుల కింద పనిచేసిన హైదరాబాద్ కంటింజెంట్ అనే దళం ఉండేది. దాని వారసత్వంగా వచ్చిందే 19వ హైదరాబాద్ రెజిమెంట్. ఇప్పుడది కుమావూ రెజిమెంట్. ఆ హైదరాబాద్ రెజిమెంటుకు అనుబంధంగా బిహార్ ప్రాంతంలో ఒక టెరిటోరియల్ బెటాలియన్ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో, ఆ బెటాలియన్‌నే బిహార్ రెజిమెంట్ మొదటి బెటాలియన్‌గా మార్చారు. అంటే ఈనాడు ఆదివాసీ సైనికులకు పేరుపొందిన బిహార్ రెజిమెంట్ మూలాల్లో మన హైదరాబాద్ పేరు ఉంది.

ఆ రెజిమెంట్ యుద్ధ నినాదాల్లో ఒకటి 'బిర్సా ముండా కీ జై'. బిర్సా ముండా బ్రిటిష్ పాలన మీద ఉల్‌గులాన్ నడిపి, 1900 జూన్ 9న రాంచీ జైలులో చనిపోయిన యువకుడు. ఒక ప్రభుత్వం జైల్లో పెట్టిన గిరిజనుడి పేరు, స్వతంత్ర దేశపు సైనికుల నోట ధైర్యం తెచ్చే మాటగా మారింది. పేరు నిలబెట్టుకున్న సమాజం ఏం సాధించగలదో ఇది చూపిస్తుంది.

ఆ రెజిమెంటులో 1962లో చేరిన ఒక ఒరావ్ యువకుడి పేరు ఆల్బర్ట్ ఎక్కా. ఊరు జార్ఖండ్‌లోని గుమ్లా ప్రాంతపు జారి. ఒరావ్‌ల భాష కుడుఖ్. మన గోండీ, కోయ, తెలుగు భాషల్లాగే అది కూడా ద్రావిడ కుటుంబానికి చెందినది. ఎక్కా తర్వాత 14 గార్డ్స్ బెటాలియన్‌కు మారాడు. 1971 డిసెంబర్ 3 రాత్రి అగర్తలకు పడమట ఉన్న గంగాసాగర్ దగ్గర పాకిస్తాన్ స్థావరం మీద దాడి జరిగింది. తన తోటివాళ్లను నేలకూలుస్తున్న మెషీన్‌గన్ బంకరులోకి దూకి దాన్ని ఆపాడు. గాయాలతోనే ముందుకు పోయాడు. రెండంతస్తుల భవనం పైనుంచి ఇంకో మెషీన్‌గన్ పేలుతుంటే పాకుతూ వెళ్లి గ్రెనేడ్ విసిరాడు. గోడ ఎక్కి లోపలికి దూకి దాన్ని కూడా ఆపించాడు. ఆ గాయాలతోనే చనిపోయాడు. అప్పటికి 29 ఏళ్లు నిండలేదు. మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. 1971 యుద్ధంలో తూర్పు రంగంలో ఇచ్చిన పరమవీర చక్ర ఇదొక్కటే.

పతకం కథ ఇక్కడికి ముగుస్తుంది. కుటుంబం కథ ముగియలేదు. ఆయన శరీరం అగర్తల దగ్గరే మట్టిలో కలిసింది. భార్య జారిలో ఉండిపోయారు. ఆ మట్టిలో పిడికెడు సొంతూరికి చేరడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. దేశంలోకెల్లా పెద్ద పతకం వచ్చిన ఇంటికే అంతకాలం పట్టిందంటే, పతకం లేని ఇళ్ల సంగతి ఊహించుకోవచ్చు.

బిహార్ రెజిమెంటుతో తెలంగాణకు మళ్లీ ముడిపడింది 2020లో. సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, 16 బిహార్ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో సహా 20 మంది భారత సైనికులు చనిపోయారు. వాళ్లలో మయూర్‌భంజ్‌కు చెందిన నాయబ్ సుబేదార్ నుదురాం సోరెన్ ఉన్నారు. జార్ఖండ్‌కు చెందిన గణేశ్ హాంస్దా ఉన్నారు. ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్ ప్రాంతానికి చెందిన గణేశ్ రామ్ కుంజాం ఉన్నారు. తెలంగాణ అధికారి, సంతాల్ సుబేదారు, బస్తర్ వైపు అడవి పల్లె యువకుడు ఒకే చలిలో, ఒకే రాత్రి చనిపోయారు.

సంతోష్‌బాబుకు మహావీర చక్ర, సోరెన్‌కు వీరచక్ర మరణానంతరం ప్రకటించారు. తెలంగాణ ప్రభుత్వం సంతోష్‌బాబు కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. మిగిలిన 19 మంది కుటుంబాలకు తలా 10 లక్షలు ప్రకటించింది. వేరే రాష్ట్రాల సైనికుల కుటుంబాలను కూడా తలచుకోవడం మంచి పని. అయితే ఒక కుటుంబానికి ఎంత దక్కుతుందన్నది ఆ సైనికుడి సొంత రాష్ట్రం మీద, అప్పటి ప్రభుత్వం మీద, పత్రికల్లో వచ్చిన పేరు మీద ఆధారపడి ఉండటం గమనించాలి. రాష్ట్రం ఇచ్చేది దయగా వస్తుంది. పింఛను హక్కుగా వస్తుంది. ఆ తేడా మనవాళ్లకు బాగా తెలియాలి.

ఎద్దుమైలారం, భానూరు

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. ఇందిరాగాంధీ 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1984 జూలైలో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. సైనికులను యుద్ధభూమికి తీసుకుపోయే బీఎంపీ-2 వాహనాన్ని 'సారథ్' పేరుతో ఇక్కడ తయారు చేస్తారు. దానికి గొలుసు చక్రాలుంటాయి. నేలమీద పోతుంది, నీళ్లలో ఈదుతుంది. నడపడానికి, ఆయుధాలు చూసుకోవడానికి ముగ్గురు, వెనుక ఏడుగురు సైనికులు కూర్చుంటారు. దానిమీద 30 మిల్లీమీటర్ల ఫిరంగి, ట్యాంకును కొట్టే కాంకుర్స్ క్షిపణి ఉంటాయి. ఆ కాంకుర్స్ క్షిపణిని తయారుచేసే భారత్ డైనమిక్స్ యూనిట్ కూడా మన జిల్లాలోనే, భానూరులో ఉంది. 2020లో గల్వాన్ తర్వాత తూర్పు లద్దాఖ్‌లో మోహరించిన వాహనాల్లో బీఎంపీ-2లు ఉన్నాయి. సంగారెడ్డి జిల్లాలో వెల్డింగ్ చేసిన ఉక్కు రేకు వెనుక లద్దాఖ్‌లో మన సైనికులు కూర్చున్నారు.

ఒక వెల్డింగ్ అతుకు సరిగ్గా పడకపోతే పది మంది ప్రాణాల మీదికి వస్తుంది. ఈ మాట ఫ్యాక్టరీలో పనిచేసే ప్రతి కార్మికుడికీ తెలుసు. యూనిఫాం లేకపోయినా వీళ్లు చేసేది కూడా సైన్యం పనే. పాత లదేణికి ఇది కొత్త రూపం.

ఇందులో గిరిజనుల వాటా గురించి కూడా చెప్పుకోవాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థల ఉద్యోగాల్లో ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. తెలంగాణ ప్రాంతపు లంబాడీలు 1976 చట్ట సవరణతో ఎస్టీ జాబితాలోకి వచ్చారు. తర్వాత ఎనిమిదేళ్లకే ఎద్దుమైలారం ఫ్యాక్టరీకి పునాది పడింది. తండాలో ఐటీఐ చదివిన పిల్లవాడికి పర్మినెంటు ఉద్యోగం, క్వార్టరు, పిల్లలకు బడి దొరికే దారి తెరుచుకుంది. అయితే 2021 అక్టోబర్ 1 నుంచి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దుచేసి, 41 ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా విడదీశారు. ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్ కిందికి వెళ్లింది. ఈ మార్పుకు ముందు, 2019 ఆగస్టులో, దేశమంతా ఈ ఫ్యాక్టరీల కార్మికులు సమ్మె చేశారు. వాళ్ల భయం జీతం గురించి మాత్రమే కాదు. పర్మినెంటు పనివాళ్లు తగ్గి కాంట్రాక్టు పనివాళ్లు పెరిగితే రిజర్వేషన్ దారి మూసుకుపోతుందన్న ఆందోళన మన యువతకు సంబంధించినదే. రిజర్వేషన్ పర్మినెంటు పోస్టులో వర్తిస్తుంది. కాంట్రాక్టరు పెట్టుకునే కూలికి వర్తించదు.

సైన్యంలో సిపాయి భర్తీకి కులం, తెగ రిజర్వేషన్లు లేవు. అక్కడికి పోయే తండా పిల్లవాడు 1.6 కిలోమీటర్ల పరుగులో, రాత పరీక్షలో అందరితో సమానంగా పోటీపడి గెలిచినవాడే. ఈ సంగతి మన పిల్లలకు గర్వంగా చెప్పవచ్చు.

కల్లితండా కొడుకు

2025 మే నెలలో తెలుగు నేల మీద ప్రతి తండా విన్న పేరు మురళీ నాయక్. ఊరు శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా. తల్లిదండ్రులు బతుకుదెరువు కోసం ముంబై వెళ్లి కూలి చేసుకున్న సుగాలీలు. ఆయన ఒక్కగానొక్క కొడుకు. 2022 చివర అగ్నివీర్‌గా సైన్యంలో చేరాడు. ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, 2025 మే 9న, జమ్మూకశ్మీర్ నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయాడు. మే 11న సొంత తండాలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మంత్రులు వచ్చారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, ఐదెకరాల భూమి, 300 గజాల ఇంటి స్థలం, తండ్రికి ఉద్యోగం ప్రకటించింది.

ఈ కుటుంబం కథ మన నారాయణఖేడ్ తండాలకు బాగా తెలిసిన కథ. దసరా దాటగానే చెరుకు కొట్టడానికి కర్ణాటకకో మహారాష్ట్రకో పోయే కుటుంబాలు, తాత నానమ్మల దగ్గర మిగిలిపోయే పిల్లలు, హాస్టల్లో చదివే కొడుకు నెలకోసారి చేసే ఫోను మనకు కొత్త కాదు. వలస వెళ్లిన ఇంటికి ఒక్క కొడుకు ప్రభుత్వ ఉద్యోగం చేస్తే తల్లిదండ్రుల వలస ఆగుతుంది. ఆ ఆశతోనే యాడి కొడుకును సైన్యానికి పంపుతుంది. అందుకే అలాంటి ఇంట్లో కొడుకు పోతే పోయేది కొడుకు ఒక్కడే కాదు, వలస ఆగుతుందన్న ఆశ కూడా.

అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్ 14న ప్రకటించారు. అగ్నివీర్ ఉద్యోగం నాలుగేళ్లు. నాలుగేళ్లయ్యాక 25 శాతం మందిని దాకా రెగ్యులర్ సైన్యంలోకి తీసుకుంటారు. మిగతావాళ్లు సేవానిధి డబ్బు తీసుకుని ఇంటికి వస్తారు. పింఛను, గ్రాట్యుటీ లేవు. విధుల్లో చనిపోతే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు కాలానికి జీతం వస్తాయి. రెగ్యులర్ సైనికుడు యుద్ధంలో చనిపోతే అతని భార్యకు చివరి జీతంతో సమానమైన కుటుంబ పింఛను నెలనెలా వస్తుంది. అగ్నివీర్ కుటుంబానికి అలాంటి పింఛను లేదు. ఒకే బంకరులో, ఒకే గుండుకు ఇద్దరూ చనిపోయినా తేడా అలాగే ఉంటుంది.

మురళీ నాయక్ తల్లి ఈ తేడాను ప్రశ్నించారు. అగ్నివీర్ కుటుంబాలకు రెగ్యులర్ సైనికుల కుటుంబాలతో సమానంగా ప్రయోజనాలు ఇవ్వాలని 2025లోనే బొంబాయి హైకోర్టులో పిటిషన్ వేశారు. ముంబైలో కూలి చేసుకుని బతికిన ఒక సుగాలీ తల్లి, తన కొడుకు కోసం మాత్రమే కాక, తన కొడుకులాంటి వేల మంది కోసం కోర్టు మెట్లెక్కారు. ఎద్దుల లెక్క రాసి మనుషుల లెక్క రాయని చరిత్రలో ఇది కొత్త మలుపు. ఈసారి తండా తల్లి తన లెక్క తానే అడిగారు. ఆమె అడిగినది అవమానమని, సైనికుడి త్యాగానికి డబ్బుతో వెలకట్టడమని కొందరు అనవచ్చు. త్యాగానికి వెల కట్టలేం, నిజమే. కానీ నెలనెలా బియ్యం, మందులు కొనడానికి డబ్బు కావాలి. కొడుకు బతికి ఉంటే అవి కొనిపెట్టేవాడు.

మన చేతుల్లో ఉన్న పని

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో 25,942 మంది సైనికుల పేర్లు గ్రానైటు మీద చెక్కారు. పేరు రాయడం ఎంత ముఖ్యమో దేశం గుర్తించింది. మన స్థాయిలో మనం చేయగల పనులు కూడా ఉన్నాయి. అవి గ్రానైటు లేకుండా, ఒక నోటుబుక్కుతో చేయవచ్చు.

మొదటిది, ఉపాధ్యాయులు పిల్లలతో కలిసి తండా సైనిక పట్టిక రాయించాలి. సైన్యంలో, కేంద్ర బలగాల్లో చేరినవాళ్ల పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, చేరిన ఏడు, దళం, పనిచేసిన చోట్లు రాయాలి. తల్లి పేరు తప్పనిసరి. ఎద్దుమైలారం, భానూరులలో పనిచేసినవాళ్ల పేర్లు కూడా చేర్చాలి. మన భాట్లు వంశాల పేర్లు తరతరాలుగా నోటితో చెప్పి నిలబెట్టారు. ఆ పని ఇప్పుడు బడి చేయాలి.

రెండోది, కాగితాలు. లంబాడీ ఇళ్లలో ఒకే మనిషి ఒక కాగితంలో రాథోడ్, ఇంకో కాగితంలో నాయక్, మూడో దాంట్లో ఇంటిపేరు లేకుండా ఉంటాడు. తల్లి పేరు చివర బాయి ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. పుట్టిన తేదీలు కలవవు. ఆధార్, పదో తరగతి మెమో, సర్వీసు రికార్డు మూడింటిలో పేరు ఒకలా లేకపోతే, ఆపద వచ్చినప్పుడు డబ్బు, పింఛను నెలల తరబడి ఆగుతాయి. చేరేటప్పుడే ఇవి సరిచేయించాలి. పెళ్లయినా, బిడ్డ పుట్టినా సైనికుడు తన యూనిట్‌లో చెప్పి 'పార్ట్ టూ ఆర్డర్'లో నమోదు చేయించుకోవాలి. అది లేకపోతే రికార్డులో భార్య లేనట్టే. నామినీ ఎవరో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. పింఛను ఉత్తర్వు కాపీ ఇంట్లో భద్రంగా ఉండాలి. సందేహం వస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాలి. సైనిక కుటుంబాల పనుల కోసమే అది ఉంది.

మూడోది, పోవాలనుకునే పిల్లలకు నిజం చెప్పాలి. వరంగల్ జిల్లా అశోక్‌నగర్‌లో గిరిజన సంక్షేమ గురుకుల సైనిక పాఠశాల ఉంది. సిపాయిగానే కాక అధికారిగా పోయే దారి కూడా ఉందని అలాంటి బడులు చూపిస్తాయి. అగ్నివీర్‌గా పోయేవాడికి నాలుగేళ్ల షరతులు, పింఛను లేని సంగతి ముందే తెలియాలి. తెలిసి పోయినవాడి ధైర్యం తక్కువేమీ కాదు. తెలియక పోయినవాడి కుటుంబానికి మాత్రం తర్వాత రెండు దెబ్బలు తగులుతాయి. సరిహద్దులో కొడుకు ఉన్నప్పుడు టీవీలో యుద్ధం కావాలని కేకలు వేసేవాళ్ల పక్కన ఆ తల్లి నిద్ర పట్టక కూర్చుంటుందని కూడా మన పిల్లలకు చెప్పాలి. యుద్ధం రాకూడదని సైనికుడి ఇల్లు కోరుకున్నంతగా ఇంకెవరూ కోరుకోరు.

1949 నుంచి ఏటా డిసెంబర్ 7ను సాయుధ దళాల పతాక దినంగా జరుపుతున్నారు. ఆ రోజు బడుల్లో చిన్న జెండాలు ఇచ్చి విరాళాలు పోగు చేస్తారు. ఆ డబ్బు సైనికుల వితంతువులకు, గాయపడినవాళ్లకు, మాజీ సైనికులకు పోతుంది. విరాళం ఇద్దాం. దాంతోపాటు ఈ ఏడు డిసెంబర్ 7 లోపల ప్రతి తండా బడిలో ఒక పట్టిక పూర్తిచేసి, సైనికుల తల్లులను బడికి పిలిచి, వాళ్ల పేర్లతో సహా దాన్ని పిల్లల చేత చదివిద్దాం. ఎవరి పేరైనా తప్పుగా రాసి ఉంటే ఆ తల్లులే సరిచేస్తారు.